సెల్ఫ్ అసెస్‌మెంట్ ఫారం: నిజం రాస్తే ఫండ్ ఆగిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీది 2009లో రిజిస్టరైన సొసైటీ. ఆదోని కేంద్రంగా వలస కుటుంబాల పిల్లల చదువు కోసం పనిచేస్తున్నారు. సిబ్బంది 14 మంది, ఏడాది ఖర్చు సుమారు 38 లక్షలు. కొత్తగా సాయం చేస్తామని ముందుకొచ్చిన దాతలు 60 ప్రశ్నల ఫారం పంపి, సంస్థ పాలన, నిర్వహణ ఎలా ఉన్నాయో మీకు మీరే మార్కులు వేసుకోమన్నారు. కార్యవర్గంలో ఇద్దరు మూడేళ్లుగా మీటింగులకు రావడం లేదు. ఉన్నదున్నట్టు రాస్తే ఫండ్ పోతుందేమో, అన్నీ బాగున్నాయని రాస్తే మనస్సాక్షి ఒప్పుకోదు. కార్యదర్శిగా ఏం చేయాలని అడిగారు.

నేను అనంతపురంలో ఒక సంస్థలో అకౌంటెంటుగా చేరి 24 ఏళ్లయింది. ఇప్పుడు కర్నూలు, అనంతపురం, కడప వైపు చిన్న సంస్థలకు రికార్డులు, లెక్కలు సరిచేసుకోవడంలో సాయం చేస్తుంటాను. ఇలాంటి ఫారాలు చాలా చూశాను. నిజమే రాయండి. అయితే దానికన్నా ముందు ఒక మాట చెప్పాలి. ఆ ఫారం మీరొక్కరే కూర్చుని నింపకండి.

కార్యదర్శి ఒక్కరే నింపితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. సంస్థను నడిపేది ఆయనే కాబట్టి ప్రతి ప్రశ్నకూ ఆయన దగ్గర జవాబు ఉంటుంది. 'నిర్ణయాలు కార్యవర్గంలో చర్చించి తీసుకుంటారా?' అంటే 'అవును' అనిపిస్తుంది, ఎందుకంటే అధ్యక్షుడికి ఫోన్ చేసి చెప్పిన సంగతి ఆయనకు గుర్తుంది. ఆ అధ్యక్షుణ్ణి అడిగితే మాత్రం 'చెప్పినాడు, సరే అన్నాను' అంటాడు. చర్చ అంటే అది కాదు కదా. అందుకే ఫారాన్ని మూడు కాపీలు తీయండి. ఒకటి అధ్యక్షుడికి, ఒకటి మీ అకౌంటెంటుకు, ఒకటి ఊళ్లు తిరిగే ఫీల్డు సిబ్బందిలో ఒకరికి ఇవ్వండి. ఒకరిది ఒకరు చూడకుండా నింపమనండి. మీది నాలుగోది. నాలుగూ పక్కపక్కన పెట్టి, మార్కులు ఎక్కడ ఎక్కువ తేడాగా ఉన్నాయో చూడండి. అందరూ ఒకే మార్కు వేసిన ప్రశ్నల మీద టైమ్ పెట్టనక్కర్లేదు. మీరు ఎక్కువ మార్కు వేసి ఫీల్డు మనిషి సున్నా వేసిన చోట ఒక పూట కూర్చోండి. మీ సంస్థలో దిద్దుకోవాల్సింది అక్కడుంది.

ఫీల్డు సిబ్బంది నిజం రాయాలంటే వాళ్లకు భయం ఉండకూడదు. పేరు రాయొద్దని చెప్పండి. ఒక్కరి బదులు ముగ్గురు నలుగురి చేత నింపించి కలిపి చూస్తే ఎవరు ఏం రాశారో తెలియదు.

మార్కులు ఎలా వేయాలన్నది రెండో సంగతి. 'బాగుంది, పర్వాలేదు' అనే కొలత పనికిరాదు. నేను సంస్థలకు చెప్పే పద్ధతి ఇది. ఆ పని జరగడమే లేదంటే సున్నా. జరుగుతోంది కానీ కాగితం లేదంటే ఒకటి. కాగితం ఉంది కానీ ప్రతిసారీ జరగడం లేదంటే రెండు. ప్రతిసారీ జరుగుతోంది, కాగితం ఉంది, మీరు ఊళ్లో లేని రోజు కూడా ఇంకొకరు ఆ ఫైలు తీసి చూపించగలరంటే మూడు. ఈ ఆఖరి షరతు దగ్గరే చాలా సంస్థల మార్కులు మూడు నుంచి రెండుకు దిగుతాయి. దిగనివ్వండి.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి? మినిట్స్ బుక్ దగ్గర, అంటే మీటింగుల్లో జరిగింది రాసే పుస్తకం దగ్గర. మీ బైలా (సంస్థ నియమావళి) తీసి పక్కన పెట్టుకోండి. కార్యవర్గం ఏడాదికి ఎన్నిసార్లు కలవాలని అందులో ఉంది? కోరం, అంటే మీటింగు చెల్లాలంటే ఉండాల్సిన కనీస సభ్యుల సంఖ్య, ఎంత? పదవీకాలం ఎన్నేళ్లు? గత మూడేళ్ల మినిట్స్ తీసి వాటితో పోల్చండి. నేను ముఖ్యంగా చూసేది సంతకాలు. ఒకే రోజు, ఒకే పెన్నుతో, ఏడాది మీటింగులన్నిటికీ సంతకాలు పెట్టించిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది. ఇంకొకటి, తీర్మానాల్లో ఎక్కడైనా భిన్నాభిప్రాయం నమోదైందా? పదేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ 'ఇది వద్దు' అనలేదంటే, ఆ కార్యవర్గం కూర్చుని మాట్లాడుకోవడం లేదన్నమాట.

దీని మీద ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను పనిచేసిన ఒక సంస్థలో జరిగింది నా మనసులోంచి పోదు. అక్కడ చెక్కుల మీద కార్యదర్శి, కోశాధికారి ఇద్దరూ సంతకం పెట్టాలి. కోశాధికారి అరవై కిలోమీటర్ల దూరంలో ఉండేవారు. ప్రతిసారీ రావడం కష్టమని చెక్కుబుక్కు మొత్తం ఖాళీగా సంతకాలు పెట్టి ఇచ్చేవారు. కార్యదర్శి నిజాయితీపరుడు, ఒక్క రూపాయి అటూఇటూ కాలేదు. అందుకని ఎవరూ తప్పనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఒక జూన్ నెలలో ఆ కార్యదర్శి గుండెపోటుతో చనిపోయారు. సంతకాలు మార్చమని బ్యాంకుకు వెళ్తే కార్యవర్గ తీర్మానం, రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేసిన కార్యవర్గ జాబితా తెమ్మన్నారు. తీసి చూస్తే ఆ జాబితా ఇచ్చి ఆరేళ్లయింది. అందులో ఉన్న ఏడుగురిలో ఒకరు ఎప్పుడో పోయారు, ఇద్దరు ఊరు వదిలి వెళ్లారు. మీటింగు పెడదామంటే కోరం లేదు. కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకుందామంటే సభ్యుల రిజిస్టరు లేదు, అసలు సభ్యులెవరో తేల్చలేకపోయాం. అకౌంటులో డబ్బుంది, తీయడానికి లేదు. 19 మందికి ఏడు నెలలు జీతం రాలేదు. అందులో ఒకామె కూతురి పెళ్లి వాయిదా పడింది. దొంగతనం జరగలేదు, మోసం జరగలేదు. ఏటా ఇవ్వాల్సిన ఒక కాగితం ఇవ్వకపోవడం వల్ల ఇదంతా జరిగింది. అకౌంటెంటుగా ఆ జాబితా గురించి నేను గుర్తు చేసి ఉండాల్సింది.

మీది 2009 సొసైటీ కాబట్టి 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటుంది. సొసైటీ పెట్టడానికి కనీసం ఏడుగురు కావాలని ఆ చట్టమే చెబుతుంది. కార్యవర్గం జాబితా ఏటా జిల్లా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. మీరు చివరిసారి ఎప్పుడు ఇచ్చారో ఈ వారమే చూడండి. ఇంకో సంగతి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి కదా. మీ బైలాలో కార్యక్షేత్రం 'కర్నూలు జిల్లా' అని ఉండి, మీరు డోన్ వైపు ఊళ్లలో కూడా పనిచేస్తుంటే, ఆ ఊళ్లు ఇప్పుడు నంద్యాల జిల్లా. అనంతపురంలో ఉండి పెనుకొండ, కదిరి వైపు పనిచేసే సంస్థలకూ ఇదే పరిస్థితి, అవిప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఆడిటరుతో మాట్లాడి బైలా సవరణ అవసరమో కాదో తేల్చుకోండి. పెద్ద పని కాదు, కానీ దాతలు చూస్తారు.

సర్వసభ్య సమావేశం ఎప్పుడు పెడుతున్నారో కూడా చూసుకోండి. మీ వైపు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లిపోయిన నెలల్లో మీటింగు పెడితే, మీ సభ్యుల్లో ఉన్న తల్లిదండ్రులు ఎలా వస్తారు? ఉగాదికి ఊళ్లు నిండుతాయి. ఆ రోజుల్లో పెట్టిన మీటింగుకు వచ్చే మనుషులే వేరు.

డబ్బు విషయానికొద్దాం. ఆడిట్ రిపోర్టు ఉందని చాలామంది ఈ భాగంలో పూర్తి మార్కులు వేసుకుంటారు. ఆడిట్ ఏడాదికొకసారి జరుగుతుంది, డబ్బు రోజూ ఖర్చవుతుంది. మీరే ఒక పరీక్ష చేయండి. ఓచర్ల ఫైలులోంచి కళ్లు మూసుకుని ఒక ఓచరు తీయండి. ఆలూరులో శిక్షణ రోజు భోజనాలకు 4,800 రూపాయలు అని వచ్చిందనుకుందాం. ఆ శిక్షణ పెట్టాలని ఎవరు అడిగారు, ఎవరు ఆమోదించారు? బిల్లు ఉందా? బిల్లులో 40 భోజనాలు అని ఉంటే, హాజరు పట్టికలో ఎన్ని సంతకాలున్నాయి? 40 భోజనాలకు 26 సంతకాలే ఉంటే మిగతా 14 ఎవరివి? పిల్లలతో వచ్చిన తల్లులు తిని ఉండవచ్చు, అది మంచి పనే. ఆ మాట ఓచరు వెనక ఒక లైను రాసి ఉందా? అడ్వాన్సు ఎప్పుడు తీసుకున్నారు, ఎన్ని రోజులకు సెటిల్ చేశారు? ఇలా పది ఓచర్లు చూడండి. పదిలో ఎన్నిటికి అన్ని జవాబులూ దొరికాయో ఆ లెక్కే మీ మార్కు. ఒక పూట పని, కానీ అరవై ప్రశ్నలకన్నా ఎక్కువ చెబుతుంది.

బ్యాంకు పాస్‌బుక్కు, క్యాష్ బుక్కు నెలనెలా సరిచూసి కోశాధికారి సంతకం పెడుతున్నారా? ఆర్డరిచ్చేది, సరుకు తీసుకునేది, డబ్బు కట్టేది ఒకరేనా? 14 మంది ఉన్న సంస్థలో ఈ మూడింటికీ ముగ్గుర్ని పెట్టడం కష్టమే, కనీసం ఇద్దర్నైనా పెట్టండి.

ఒక ప్రాజెక్టు డబ్బు ఇంకో ప్రాజెక్టుకు వాడటం గురించి ఫారంలో తప్పకుండా ఒక ప్రశ్న ఉంటుంది. గ్రాంటు ఆలస్యమైనప్పుడు జీతాలివ్వడానికి మన వైపు దాదాపు అందరూ చేసే పని ఇది. చేసి ఉంటే చేశామని రాయండి. ఎంత, ఏ తేదీన తీశారు, ఏ తేదీన తిరిగి వేశారు, దానికి తీర్మానం ఉందా అన్నది రాయండి. విదేశీ నిధులు ఉంటే మాత్రం ఇది అసలు కుదరదు, వాటిని స్థానిక నిధులతో కలపనే కూడదు. విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్ఏ) 2020లో జరిగిన సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి అకౌంటుకే రావాలి, పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, ఆ డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. మీకు ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ లేదన్నారు కాబట్టి ఇంతటితో వదిలేస్తాను.

ఆదాయపు పన్ను వైపు ఒక్కటి చూడండి. 2021లో కొత్త పద్ధతిలో 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు అయిదేళ్లకే ఇచ్చారు. అలా తీసుకున్న చాలా సంస్థలకు 2026 మార్చి 31 వరకే గడువు ఇచ్చారు. మీ ఆర్డరు కాపీ తీసి తేదీ చూసుకోండి. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇచ్చిన విరాళానికి దాతకు 80జీ మినహాయింపు రాదన్న సంగతి రసీదులు రాసే మనిషికి తెలుసో లేదో అడగండి.

బంధువుల సంగతి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. ఆఫీసు మీ సొంతింట్లో ఉందని, అద్దె తీసుకుంటున్నానని రాశారు. అది నేరం కాదు. కానీ సంస్థ నడిపేవాళ్లకు, వాళ్ల బంధువులకు మామూలు ధర కన్నా ఎక్కువ ముట్టిందని తేలితే పన్ను మినహాయింపుకే ముప్పు వస్తుంది. అద్దె విషయం కార్యవర్గం ముందు పెట్టండి. ఆ వీధిలో మరో రెండిళ్ల అద్దె ఎంతో రాసి జతచేయండి. ఆ అంశం చర్చకు వచ్చినప్పుడు మీరు బయటికి వెళ్లిపోయి, మిగతావాళ్లు నిర్ణయించారని మినిట్స్‌లో రాయించండి. ఇంత చేస్తే ఆ ప్రశ్నకు మీరు ధైర్యంగా మూడు వేసుకోవచ్చు.

సిబ్బంది భాగం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఫారాల్లో ఎక్కువ అబద్ధాలు ఉండేది ఇక్కడే. అపాయింట్‌మెంట్ ఆర్డర్లున్నాయా, జీతం బ్యాంకులో పడుతోందా అన్నవి సులువు ప్రశ్నలు. ఫారంలో లేని ప్రశ్న ఒకటి మీకు మీరు వేసుకోండి. సంతకం 12,000కు పెట్టించి, 'సంస్థకు కాంట్రిబ్యూషన్' అని 3,000 వెనక్కి తీసుకునే పద్ధతి మీ దగ్గర ఉందా? కొన్ని సంస్థల్లో దీన్ని తప్పుగా కూడా చూడరు. ఇది తప్పు. పేదవాళ్ల హక్కుల కోసం మాట్లాడే మనం, మన దగ్గర పనిచేసే పేదవాళ్ల చేత అబద్ధపు సంతకం పెట్టించకూడదు. మీ దగ్గర ఉంటే ఈ నెలతో ఆపేయండి. డబ్బు చాలకపోతే జీతం తక్కువని ముందే చెప్పి, ఉన్నదే రాయండి.

10 మంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల నివారణకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. మీకు 14 మంది ఉన్నారు, కాబట్టి ఉండి తీరాలి. దానికి సంస్థలో సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి, బయటి సభ్యులు ఒకరుండాలి, ఏటా రిపోర్టు ఇవ్వాలి. కమిటీ పేర్లు గోడ మీద కాగితంగా ఉంటే చాలదు. సాయంత్రం ఆరు తర్వాత కోసిగి నుంచి బస్సులో తిరిగొచ్చే మీ మహిళా కార్యకర్తను అడగండి. 'నీకేదైనా ఇబ్బంది వస్తే ఎవరికి చెబుతావు?' ఆమె వెంటనే ఒక పేరు చెబితే కమిటీ ఉన్నట్టు. ఆలోచిస్తే లేనట్టు. పిల్లలతో పని కాబట్టి ఇదే ప్రశ్న పిల్లల్ని కూడా అడగాలి. పిల్లల రక్షణ విధానం ఇంగ్లీషులో ఫైలులో ఉండి, వలంటీర్లు ఒక్కసారైనా చదవకపోతే సున్నా వేయండి. తెలుగులో రెండు పేజీలు రాసి, అందరి ముందూ చదివి వినిపించి, సంతకాలు తీసుకున్న రోజున రెండుకు మార్చండి.

మీరు లేకపోతే సంస్థ నడుస్తుందా అన్న ప్రశ్న మనసుకు కష్టంగా ఉంటుంది. చిన్నవాటితో మొదలుపెట్టండి. స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే దర్పణ్ పోర్టల్, ఆదాయపు పన్ను పోర్టల్, బ్యాంకు, వీటి ఓటీపీలు ఎవరి ఫోనుకు వస్తాయి? అన్నీ మీ సొంత నంబరుకే అయితే సంస్థ పేరున ఒక సిమ్ తీసుకుని ఆఫీసులో పెట్టండి. ఒరిజినల్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఎక్కడుందో అధ్యక్షుడికి తెలుసా? మీరు వారం సెలవు పెడితే చెక్కు వెళ్తుందా? ఒకసారి నిజంగానే వారం సెలవు పెట్టి చూడండి.

మన జిల్లాల్లో ఎవరు సంస్థ గురించి మాట్లాడినా చివరికి విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన ఆర్డీటీతో (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) పోల్చుకుంటారు. మీరు కూడా మీ ప్రశ్నలో ఆ పేరు తెచ్చారు. అంత పెద్ద సంస్థకు ఉండే విభాగాలు, మాన్యువల్స్ మీకు లేవని మార్కులు తగ్గించుకోవద్దు. 38 లక్షల సంస్థకు నలభై పేజీల కొనుగోలు విధానం అవసరం లేదు. 5,000 దాటితే మూడు కొటేషన్లు, 25,000 దాటితే కార్యవర్గ తీర్మానం అని ఒక పేజీలో రాసుకుని, దాన్ని తప్పకుండా పాటిస్తే చాలు. ఈ హద్దులు ఉదాహరణకు చెప్పాను, మీ ఖర్చును బట్టి మీరే పెట్టుకోండి.

ఇక ఫండ్ ఆగుతుందా అన్న భయం. దాతల తరఫున సంస్థలను చూడటానికి నేను కూడా వెళ్లాను. అరవైకి అరవై ప్రశ్నల్లో మూడు మార్కులున్న ఫారం చూస్తే, తర్వాత రోజంతా రికార్డులు తవ్వడానికే పోతుంది, ఎందుకంటే నమ్మకం కుదరదు. తక్కువ మార్కు వేసి, దాని పక్కన 'ఎవరు, ఏ తేదీలోగా సరిచేస్తారు' అని రాసిన ఫారం చూస్తే మాట్లాడుకోవడానికి దారి దొరుకుతుంది. ఇద్దరు సభ్యులు రావడం లేదని మీరే రాస్తే అది లోపం. మీరు రాయకుండా వాళ్లు కనిపెడితే దాచిపెట్టినట్టు. అయినా ఎవరో ఒకరు నిజం రాసినందుకు వెనక్కి తగ్గవచ్చు, అలా జరగదని నేను హామీ ఇవ్వలేను. కానీ రేపు ఆడిటులో తేలి మధ్యలో ఆగిపోయే గ్రాంటు కన్నా, ఈ రోజు రాని గ్రాంటు మేలు. మధ్యలో ఆగితే బడికి వచ్చే పిల్లలు కూడా మధ్యలో ఆగిపోతారు.

అన్నీ ఒక్కసారే సరిచేయాలని చూడకండి. ఈ ఏడాదికి నాలుగు పెట్టుకోండి. కార్యవర్గం జాబితా, అంతర్గత కమిటీ, అద్దె తీర్మానం, ఆఫీసు సిమ్. ఫారంతో పాటు ఈ నాలుగు పనులూ తేదీలతో ఒక పేజీ జతచేయండి.

ఆ ఇద్దరు సభ్యుల సంగతి ఫోన్లో తేల్చకండి, వాళ్లిళ్లకు వెళ్లండి, అధ్యక్షుణ్ణి కూడా తీసుకెళ్లండి. 2009లో ఎవరూ మిమ్మల్ని నమ్మని రోజుల్లో పక్కన నిలబడిన మనుషులు వాళ్లు. వయసు మీదపడిందో, మీతో ఏదైనా మనస్తాపం ఉందో, కూర్చుని అడగండి. రాగలమంటే తర్వాతి మీటింగు తేదీ వాళ్లకు వీలైన రోజున పెట్టండి. రాలేమంటే రాజీనామా లేఖ తీసుకుని, సర్వసభ్య సమావేశంలో వాళ్లకు కృతజ్ఞతలు చెబుతూ తీర్మానం చేసి, ఆ ఖాళీల్లోకి కొత్తవాళ్లను ఎన్నుకోండి. ఒకరైనా మీ బడుల్లో చదివే పిల్లల తల్లి అయితే బాగుంటుంది. సంతకం బదులు వేలిముద్ర వేసే తల్లి అయినా సరే, అజెండా చదివి వినిపిస్తే ఆమె అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. తర్వాత కొత్త జాబితా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చి, స్టాంపు పడిన కాపీ తెచ్చుకుని, దాన్ని బ్యాంకులో ఇవ్వండి. అంతవరకు కార్యవర్గం ప్రశ్నకు ఒకటే వేయండి.